'రాదు సార్' అన్న పిల్లవాడికి రానిది ఏమిటి?

"పిల్లోనికి చదువు మీద ఆసక్తి లేదు." కర్నూలు జిల్లా అయినా, అనంతపురం, కడప జిల్లాలైనా ఉన్నత పాఠశాల స్టాఫ్ రూములో రోజుకు ఒకసారైనా వినబడే మాట ఇది. జ్వరం లాంటి మాట. ఒళ్లు కాలుతోందని చెబుతుంది గానీ మలేరియానో టైఫాయిడో చెప్పదు. అయినా మందు మాత్రం వెంటనే మొదలవుతుంది. ఒకరు హితబోధ చేస్తారు, ఒకరు బహుమతి పెడతారు, ఇంకొకరు గద్దిస్తారు. నెల తిరిగేసరికి పిల్లవాడు మళ్లీ వెనక బెంచిలోనే ఉంటాడు.

తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల చేలల్లో వజ్రాల కోసం వెతికేవాళ్లు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నడుం వంచే ఉంటారు. వాళ్లకు హాజరు పట్టీ లేదు, అదిలించే మేస్త్రీ లేడు. రాయి దొరికే అవకాశమూ బహు తక్కువ. అయినా వెతుకుతారు, ఎందుకంటే పక్కూరి కూలీ మనిషికి దొరికిందని విని ఉంటారు, దొరికితే ఏమొస్తుందో వాళ్లకు బాగా తెలుసు. మనిషి ఏ పనికైనా పూనుకునే ముందు మనసులో ఈ రెండు ప్రశ్నలే వేసుకుంటాడని మనస్తత్వ శాస్త్రం చెబుతుంది. నా వల్ల అవుతుందా? అయితే నాకేంటి? ఈ రెండిటి మధ్య ఉన్నది కూడిక లాంటి సంబంధం కాదు, గుణకారం లాంటిది. ఒకటి సున్న అయితే రెండోది ఎంత పెద్దదైనా లబ్ధం సున్నే.

బడుల్లో శ్రమంతా రెండో ప్రశ్న మీదే పోతోంది. చదివితే ఉద్యోగం వస్తుంది, చదవకపోతే మీ నాయన మాదిరే ఎండలో పడాల్సి వస్తుంది అని చెబుతూనే ఉంటారు. ఆ సంగతి పిల్లలకు తెలియక కాదు. కరువు సీమలో పుట్టిన పిల్లలకు ఎండ గురించి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. వాళ్లలో చాలామందికి సున్న దగ్గర నిలిచిపోయింది మొదటి ప్రశ్న. అందుకే ఈ వ్యాసం ఎక్కువగా దాని గురించే. ఆసక్తి పుట్టాక చదువు రావడం కన్నా, చదువు కాస్త చేతికి వచ్చాక ఆసక్తి పుట్టడమే తరగతి గదిలో ఎక్కువగా జరుగుతుంది.

ముందు కారణం తేల్చుకోవాలి. నోరు విప్పని ముగ్గురు పిల్లల వెనక మూడు వేరు వేరు కారణాలు ఉండొచ్చు. ఒకరికి కింది తరగతుల పునాది లేదు. ఒకరికి తప్పు చెబితే నవ్వుతారని భయం. ఇంకొకరికి అన్నీ వచ్చు, విసుగు పుట్టింది. చూపుకు ముగ్గురూ ఒకే రకంగా ఉంటారు. విడదీయడానికి పది నిమిషాలు చాలు. ఎనిమిదో తరగతి పిల్లవాడిని ఒక్కడినే పిలిచి మూడో తరగతి తీసివేతలు రెండు, నాలుగో తరగతి భాగహారాలు రెండు, ఐదో తరగతి భిన్నాలు రెండు ఇవ్వాలి. రెండో తరగతి స్థాయి పేరా ఒకటి చదివించాలి. ఒంటరిగా చక్కగా చేసి తరగతిలో మాత్రం పెదవి కదపకపోతే అది భయం. చకచకా చేసేసి కిటికీ వైపు చూస్తే విసుగు. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఆగిపోతే, ఎక్కడ ఆగాడో అక్కడ గీత పెట్టుకోవాలి. నలభై మంది ఉన్న తరగతిలో రోజుకు నలుగురి చొప్పున పది పనిదినాల్లో ఇది పూర్తవుతుంది. జూన్‌లో బడి తెరిచిన మొదటి రెండు వారాలు ఇందుకు సరైన అదను.

ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి పల్లె పిల్లల చదువు మీద చేస్తున్న అసర్ సర్వేలు పదేపదే చూపిస్తున్నదీ ఇదే. ఐదో తరగతి పిల్లల్లో చాలామంది రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారు. అలాంటి పిల్లలు ఎనిమిదికి వచ్చి బీజగణితం ముందు కూర్చుంటే ఆసక్తి ఎక్కడి నుంచి వస్తుంది? తెలియని భాషలో సినిమా మూడు గంటలు చూడమంటే పెద్దవాళ్లు కూడా లేచిపోతారు. పిల్లలకు లేచిపోయే వీలు లేదు కాబట్టి కూర్చున్నచోటే మనసును బయటికి పంపుతారు. ఒక జాగ్రత్త: ఈ పరీక్ష ఫలితం టీచరు డైరీ దాటకూడదు. 'సి గ్రూపు', 'స్లో లెర్నర్లు' అన్న పేరు ఒకసారి తరగతిలో వినబడితే పిల్లలు దాన్నే పట్టుకుంటారు. ఆ పేరు వదిలించడానికి ఏడాది చాలదు.

ఇప్పుడు ఒక తప్పును దగ్గరగా చూద్దాం. 503 లోంచి 287 తీసివేయమంటే ఒక అమ్మాయి 384 అని రాసింది. ఎర్ర ఇంటూ గుర్తు పెట్టి కింద సరైన జవాబు 216 అని రాసేయడం అలవాటు. ఆ గుర్తు వల్ల అమ్మాయికి తెలిసేది తనకు లెక్కలు రావని మాత్రమే. నిజానికి ఆమె ఒక నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసింది. ఏడులోంచి మూడు తీస్తే నాలుగు, ఎనిమిదిలోంచి సున్న తీస్తే ఎనిమిది, ఐదులోంచి రెండు తీస్తే మూడు. ఎవరో ఎప్పుడో 'చిన్నదాంట్లోంచి పెద్దది పోదు' అన్నారు. ఆమె దాన్ని అంకె అంకెకూ వర్తింపజేసింది. ఇలాంటి తప్పు బద్ధకం వల్ల రాదు.

ఆమెకు కావలసింది డబ్బుల లెక్క. ఐదు వంద నోట్లు, మూడు రూపాయి బిళ్లలు ఇచ్చి, అంగట్లో 287 రూపాయలు కట్టమనాలి. ఏడు రూపాయలకు చిల్లర చాలదు. పది రూపాయల నోటు ఒక్కటీ లేదు. వంద మార్చాల్సిందే. ఒక వందకు పది పదులు వస్తాయి, అందులో ఒక పదికి పది రూపాయలు. ఇప్పుడు చేతిలో నాలుగు వందలు, తొమ్మిది పదులు, పదమూడు రూపాయలు. రెండు వందలు, ఎనిమిది పదులు, ఏడు రూపాయలు కట్టేస్తే మిగిలేది రెండు, ఒకటి, ఆరు. సున్న మీదుగా అప్పు తేవడం అనే తంతుకు అర్థం అప్పుడు దొరుకుతుంది. ఆ వెంటనే 402 లోంచి 165, 700 లోంచి 348 ఇస్తే తనే చేస్తుంది. వరసగా మూడు లెక్కలు సరిపోయిన పిల్ల ముఖంలో వచ్చే మార్పును ఏ ఉపన్యాసమూ తేలేదు.

ఈ గెలుపు రోజూ అందాలి. అంటే లెక్కలు మరీ తేలికగా ఉండాలని కాదు. బోధన మీద జరిగిన పరిశోధనల్లో తేలిన కొలత ఒకటుంది. కొత్త పాఠం సాధన చేసేటప్పుడు పదింట దాదాపు ఎనిమిది సరిపోయేలా పని ఉండాలి. పదికి పదీ వస్తుంటే విసుగు పుడుతుంది, నాలుగే వస్తుంటే చేయి వదిలేస్తారు. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో దీన్ని ఇలా పొదగవచ్చు. మొదటి ఐదు నిమిషాల్లో నల్లబల్ల మీద మూడు ప్రశ్నలు: నిన్నటి పాఠంలోవి రెండు, పోయిన వారానిది ఒకటి. పుస్తకం మూసి రాయాలి, మార్కులు లేవు. చదివింది మళ్లీ చదవడం కంటే గుర్తు తెచ్చుకుని రాయడం వల్ల ఎక్కువ కాలం నిలుస్తుంది. పైగా బడికి వచ్చిన ప్రతి పిల్లకూ ఆ గంటలో చేయగలిగింది ఒకటి చేతిలో పడుతుంది. తర్వాత పన్నెండు, పదిహేను నిమిషాలు కొత్త సంగతి. అంతకు మించి ఏకబిగిన చెబితే వెనక వరసలు జారిపోతాయి. ఆపైన జంటలుగా సాధన, చివరి ఐదు నిమిషాలు ఎవరికి వారే చేసే ఒక లెక్క. ఆ చివరి లెక్క కాగితాలే రేపటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాయి.

భయం సంగతికి వస్తే, దానికి పుట్టిల్లు టీచరు అడిగే ప్రశ్నే. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు కొలిచి చూపించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, తెలియదనే మాట తగ్గింది, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు మాట్లాడారు. మూడు సెకన్లు చిన్న విషయంలా కనబడుతుంది గానీ తరగతి ముందు నిలబడ్డవారికి అది చాలా పొడుగు మౌనం. మనసులో మెల్లగా ఐదు దాకా లెక్కపెట్టుకోవడం అలవాటు చేసుకుంటే కుదురుతుంది. పేరు ముందు పిలిచి ప్రశ్న తర్వాత అడిగితే మిగతా ముప్పై తొమ్మిది మందికి సెలవు ఇచ్చినట్టే. ప్రశ్న ముందు, ఆగడం తర్వాత, పేరు చివర.

ఇంకా మంచి మార్గం పలక. ఒకటో తరగతితో అటకెక్కే పలకను ఎనిమిదో తరగతిలో దించితే, ఒక ప్రశ్నకు నలభై జవాబులు ఒకేసారి కనబడతాయి. అందరూ రాసేదాకా పలకలు బోర్లా పెట్టించి, 'ఒకటి, రెండు, మూడు' అనగానే ఎత్తమనాలి. ఈ లెక్కింపు లేకపోతే పక్కవాడి పలక చూసి రాయడం మొదలవుతుంది. తప్పు రాసినవాళ్ల పేర్లు చదవకూడదు. "మన తరగతిలో రెండు రకాల జవాబులు వచ్చాయి, ఏది ఎందుకు సరైందో చూద్దాం" అంటే తప్పు ఒకరి అవమానం కాకుండా అందరి పాఠం అవుతుంది. పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నేరుగా నిషిద్ధం. బెత్తం చాలాచోట్ల పోయింది. "ఏం రా, ఇంత కూడా రాదా?" అన్న మాట ఇంకా పోలేదు. అది కూడా వేధింపే, బెత్తం దెబ్బ కంటే ఎక్కువ రోజులు ఉంటుంది.

పేపర్లు దిద్దడం దగ్గర మన బడులు చాలా శ్రమను నీళ్లపాలు చేస్తున్నాయి. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్ బడుల్లో ఒక ప్రయోగం చేశారు. కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవారి పని మెరుగుపడింది, ఆసక్తి నిలిచింది. రెండూ అందుకున్నవారు మార్కులు మాత్రమే అందుకున్నవారి దగ్గరే ఆగిపోయారు. మార్కు కనబడగానే కళ్లు వ్యాఖ్య మీదికి పోవు, పక్కవాడి పేపరు మీదికి పోతాయి. ఏడాది పొడవునా పెట్టే పరీక్షల మార్కులు రిజిస్టరులో ఎక్కించక తప్పదు. కానీ పేపరు తిరిగి ఇచ్చిన రోజున వ్యాఖ్య మాత్రం ఇచ్చి, పిల్లలు ఒక తప్పు సరిదిద్దుకున్నాక మర్నాడు మార్కు చెప్పడానికి ఏ నిబంధనా అడ్డురాదు. వ్యాఖ్య అంటే 'గుడ్', 'ఇంకా శ్రద్ధ పెట్టాలి' కాదు. 'సమీకరణం సరిగ్గా రాశావు. మూడో మెట్టులో గుర్తు మారలేదు. అక్కడి నుంచి మళ్లీ చెయ్' అన్నంత నిర్దిష్టంగా ఉండాలి. నలభై పేపర్లకూ ఇలా రాయడం అయ్యే పని కాదంటే, వారానికి పది మందికి చాలు. నెలలో అందరికీ ఒక విడత అందుతుంది.

మెచ్చుకోలులోనూ ఇదే తేడా ఉంది. "నువ్వు చాలా తెలివైనోడివి రా" అన్న మాట తియ్యగా ఉంటుంది. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, తెలివిని పొగిడించుకున్న పిల్లలు తర్వాత తేలిక పనులే ఎంచుకున్నారు. ఒక ఓటమి ఎదురవగానే వెనకబడ్డారు. శ్రమకు మెప్పు పొందిన పిల్లలు కష్టమైనవి అడిగారు. తెలివైనవాడు అన్న పేరు వచ్చాక దాన్ని కాపాడుకోవాలి కదా. అయితే దీన్ని పట్టుకుని ఊరికే "బాగా కష్టపడ్డావు" అనడమూ పనికిరాదు, ముఖ్యంగా పని సరిగ్గా రానప్పుడు. ఏం చేశాడో అది చెప్పాలి. "పటం గీసుకుని మొదలుపెట్టావు, అందుకే దారి దొరికింది" అంటే ఆ పిల్లవాడు రేపు కూడా పటం గీస్తాడు.

బహుమతుల గురించి ఒక హెచ్చరిక. 1973లో మార్క్ లెపర్ బృందం నర్సరీ పిల్లల మీద చేసిన ప్రయోగం చాలా ప్రసిద్ధం. బొమ్మలు వేయడమంటే ఇష్టపడే పిల్లలకు, బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొన్నాళ్లకు ఆ పిల్లలు స్వేచ్ఛగా బొమ్మలు వేసిన సమయం, బహుమతి ఊసే వినని పిల్లలతో పోలిస్తే దాదాపు సగమే. ఎక్కాలు బట్టీ పట్టడం, నోట్సు పూర్తి చేయడం లాంటి పొడి పనులకు పెన్నో పెన్సిలో పెట్టినా నష్టం లేదు. కథల పుస్తకం చదివినందుకు, ప్రయోగం చేసినందుకు, ప్రశ్న అడిగినందుకు మాత్రం పెట్టకూడదు. తరగతిలో ఎప్పుడూ మొదటి ముగ్గురికే బహుమతి అంటే మిగతావాళ్లకు 'నా వల్ల అవుతుందా' అన్న మొదటి ప్రశ్న జవాబు ముందే తెలిసిపోతుంది.

హోంవర్కులో కాస్త ఎంపిక ఇవ్వడం ఇంతకంటే చవకైన, మేలైన మందు. తన ఇష్టంతో చేశానన్న భావన, చేతనవుతుందన్న నమ్మకం, తనను పట్టించుకునే మనుషులు ఉన్నారన్న ధీమా: లోపలి నుంచి వచ్చే ప్రేరణకు ఈ మూడూ ఆధారమని ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ ర్యాన్ దశాబ్దాల పాటు చూపించారు. పది లెక్కలిచ్చి ఏవైనా ఆరు చేయమంటే మొదటిది తీరుతుంది. కొందరు తేలికైనవే ఏరుకుంటారు. అందుకని కష్టమైన రెండిటికి చుక్క గుర్తు పెట్టి, వాటిలో ఒకటి తప్పక ఉండాలనాలి.

ఇక 'అయితే నాకేంటి' అన్న ప్రశ్న. దీనికి భవిష్యత్తులోని ఉద్యోగం చాలా దూరపు జవాబు. దగ్గరి జవాబు ఊళ్లోనే ఉంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. ప్రతి ఇంట్లోనూ వాన మాటే. 'పదునైందా' (నేల విత్తడానికి సరిపడా తడిసిందా) అని అడగని రైతు ఉండడు. ఆ పదును ఎన్ని మిల్లీమీటర్లో బడిలో కొలవవచ్చు. నున్నటి గోడల ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, తలకిందులుగా అందులోనే గరాటులా బిగించాలి. సీసా అడుగు ఎత్తుపల్లాలుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, గోడ నిటారుగా మొదలయ్యే చోటుదాకా నీళ్లు పోసి అక్కడ సున్న గీత పెట్టాలి. అక్కడి నుంచి స్కేలు అతికించాలి. చెట్టుకూ గోడకూ దూరంగా, గాలికి పడకుండా ఇటుకల మధ్య పెట్టి, వాతావరణ శాఖ మాదిరే ఉదయం 8.30కు చదివి, మళ్లీ సున్న గీతకు సరిచేయాలి. నడుము నొక్కినట్టుండే సీసా వాడితే లెక్క తప్పుతుంది. ఎండలకు సున్న గీత నీళ్లు ఆవిరైపోతే కూడా తప్పుతుంది.

ఇక్కడి నుంచి పాఠం దానంతట అదే పెరుగుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్లు. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్లు పడితే ఎకరానికి దాదాపు 81 వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పదహారు. ఎండాకాలం ట్యాంకరు కోసం బిందె పట్టుకుని నిలబడ్డ పిల్లకు ఈ పదహారు ఒక అంకెలా అనిపించదు. ఘనపరిమాణం, సగటు, గ్రాఫు, ప్రమాణాల మార్పు అన్నీ ఈ ఒక్క సీసాలో ఉన్నాయి. చెనిక్కాయ విత్తనం వేసిన రోజు, ఆ వారం పడ్డ వాన ఒకే పట్టికలో రాసుకొస్తే, ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడటానికి పిల్లల దగ్గర ఒక సంగతి ఉంటుంది.

భాష దగ్గర పిల్లలు ఎంతగా నోరు మూసుకుంటున్నారో తగినంత చర్చ జరగడం లేదు. ఆదోని, రాయదుర్గం వైపు కన్నడం, కర్నూలు, కడప పట్టణాల్లో ఉర్దూ, తండాల్లో లంబాడీ ఇంటి భాషలు. చాలా బడుల్లో పాఠం ఇంగ్లిషులో. ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్నది వాడుకోవడానికే. ముందు జంటలుగా తమ మాటల్లో చర్చించుకోనిచ్చి, తర్వాత తెలుగులో చెప్పించి, చివర రెండు ఇంగ్లిషు వాక్యాలు రాయించాలి. మొదటే ఇంగ్లిషులో చెప్పమంటే, సంగతి తెలిసిన పిల్లవాడు కూడా తెలియనివాడిలా నిలబడిపోతాడు.

పదో తరగతిలో జనవరి దాటాక వెనకబడినవాళ్ల చేతికి బిట్లు, గైడు ఇచ్చి బట్టీ పట్టిస్తారు. 35 మార్కులు గట్టెక్కాలన్న ఆరాటం అర్థం చేసుకోదగ్గదే. కానీ అర్థం కాని జవాబులు ఇరవై అధ్యాయాల నుంచి ఏరి పట్టిస్తే, ప్రశ్న కాస్త మారగానే అన్నీ కలిసిపోతాయి. గణితంలో సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత లాంటి అధ్యాయాలకు కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, భిన్నం దాదాపు చాలు. వాటిని మొదటి లెక్క నుంచి చివరి లెక్క దాకా పూర్తిగా చేయించాలి. ఒక అధ్యాయం మొత్తం తన సొంతమైన పిల్లవాడు రెండోది తనే అడుగుతాడు. ఇంటికి కబురు పంపేటప్పుడు కూడా "మీవాడు చదవట్లేదన్నా" అని కాకుండా, నోట్సు తెరిచి "ఈ అధ్యాయం అయిపోయిందన్నా, రాత్రి ఎనిమిదింటికి అరగంట ఈ పేజీ చేస్తున్నాడో లేదో చూడండి" అనాలి. మొదటి మాట తండ్రి చేతిని లేపుతుంది. రెండో మాట ఆయనకు చేయదగ్గ పని చూపిస్తుంది, ఆయనకు చదువు రాకపోయినా సరే.

అన్నిటికంటే కష్టమైన సంగతి సుగ్గి, అంటే కోతల కాలపు వలస. కర్నూలు జిల్లాలోని కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల నుంచి పత్తి తీతకు, మిరప కోతకు కుటుంబాలు గుంటూరు వైపు పోతాయి. వలస పోయినవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్లు ఉన్నా, చెల్లిని చూసుకోవడానికో కూలికో కొందరు పిల్లలు వెంట పోక తప్పదు. పోయే ముందు వారానికి ఒక పేజీ చొప్పున పన్నెండు పేజీల చిన్న పుస్తకం కుట్టి ఇవ్వవచ్చు. పేజీకి ఆరు లెక్కలు, ఒక చిన్న పేరా, చివర్లో 'ఈ వారం నేను చూసింది' అని నాలుగు గీతలు. అందులో సగం ఖాళీగా తిరిగొచ్చినా కోప్పడకూడదు. ఆ నాలుగు గీతల్లో ఏదైనా రాసి ఉంటే ముందు అదే చదవాలి.

తిరిగొచ్చిన పిల్లను తప్పిపోయిన మూడు నెలల నోట్సు ఎక్కించుకోమని కూర్చోబెట్టడం మామూలుగా జరిగేది. చేతులు నొప్పి పుట్టడం తప్ప అందులో చదువు లేదు, తాను ఎంత వెనకబడిందో పేజీ పేజీకీ గుర్తు చేస్తుంది. దానికి బదులు మొదటి రోజు జూన్‌లో చేసిన పది నిమిషాల పరీక్షే మళ్లీ చేసి, ఎక్కడ నిలిచిందో చూడాలి. రెండో రోజు ఆమెకు తెలిసిన లెక్క తరగతికి రావాలి: మిర్చి టిక్కీ (బస్తా) బరువు ఎంత, కిలోకు కూలి ఎంత, రోజుకు ఎంత కోస్తే ఎంత వస్తుంది. నల్లబల్ల దగ్గర చాక్‌పీసు ఆమె చేతిలో ఉండాలి. మూడో రోజు నుంచి తరగతి పాఠంతో పాటు రోజూ పది నిమిషాలు పాత పునాది. పక్కన కూర్చోబెట్టే జోడీ మరీ ముందున్న పిల్ల కాకుండా, నిన్నమొన్ననే ఆ లెక్క దాటొచ్చిన పిల్ల అయితే ఎక్కడ తడబడుతుందో ఆమెకు బాగా గుర్తుంటుంది. పాత నోట్సు పుస్తకం ఆగిన చోటే వదిలేసి, ఆ పక్క పేజీ మీద ఆ రోజు తేదీ వేసి మొదలుపెట్టించాలి.